వంపు ఎవరిది?

ఆ ఊళ్ళో ఏది వంకరగా ఉన్నా టైలరమ్మ తాత ఖాతాలోనే పడేది. తలుపు సరిగ్గా మూసుకోకపోతే "ఎగువ మేస్త్రీ బిగించాడా?" అనేవారు. చంటిపిల్ల పాపిడి పక్కకు పోతే "ఇది ఎగువ గ్యాంగు పాపిడి" అని నవ్వుకునేవారు. ఇక కుట్టుపని చేసుకుని బతికే మనవరాలికి తాతగారి కీర్తి ఏ మాత్రం కలిసొచ్చిందో వేరే చెప్పాలా? కొత్త చొక్కా తొడుక్కుని ఆమె కొట్లో అద్దం ముందు నిలబడ్డ ప్రతివాడూ భుజం కుట్టు కేసి ఓ చూపు విసిరి, "మీ లైనులా పోలేదు కదమ్మా?" అనేవాడు. ఆమె కుట్టు దారం లాగి పట్టినట్టుండేది. అయినా ఆ ఒక్క మాటా అనకుండా ఎవడూ చొక్కా విప్పేవాడు కాదు.

ఈ వేళాకోళంలో మొదటి తాంబూలం ఎదురుగా బేకరీ నడిపే ఆయనది. మనిషి మంచివాడే, నోరు కాస్త పెద్దది. అతని తండ్రి ఇంజను డ్రైవరు. తాత దిగువ గ్యాంగుకు మేస్త్రీ. టైలరమ్మ తాత ఎగువ గ్యాంగుకు మేస్త్రీ. అసలు గొడవంతా ఈ ఇద్దరు తాతల దగ్గర మొదలైంది.

కొండ మీద సున్నపురాయి క్వారీ ఉండేది. కింద ఏటి ఒడ్డున ఆ రాయిని కాల్చే బట్టీలు ఉండేవి. రాయి మోయడానికి ఆ రెంటి మధ్యా చిన్న రైలు లైను వేశారు. క్వారీ నుంచి కిందికి ఎగువ గ్యాంగు, బట్టీల నుంచి పైకి దిగువ గ్యాంగు మట్టికట్ట పోసి పట్టాలు పరుచుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకోవాలి. ముందు మేం చేరతామంటే మేం చేరతామని పంతానికి పోయి, తలెత్తి చూడకుండా పని చేశారు. చివరికి అడివిలాంటి ముళ్ళ పొదల్లో ఒకరి పక్క నుంచి ఒకరు దాటిపోయారు. ఆ తేడా సర్ది రెండు లైన్లనూ కలపడానికి వేసిందే ఆ వంపు. తప్పెవరిదని ఇంజనీరు అడిగితే ఎగువ మేస్త్రీ "నాదే" అన్నాడట. "తప్పు ఎవరిదైతే వంపు వాళ్ళది. ఇక దాని ఆలనా పాలనా నీ గ్యాంగుదే" అని ఇంజనీరు తీర్పు చెప్పి వెళ్ళిపోయాడట. ఊరు చెప్పుకునే కథ ఇది.

టైలరమ్మ తండ్రి కూడా అదే గ్యాంగులో చేరి, లైను మూతపడేదాకా అందులోనే పని చేశాడు. ఊరి వేళాకోళానికి ఆయన ఎప్పుడూ బదులు చెప్పేవాడు కాదు. ఎవరైనా మరీ రెచ్చగొడితే "వంపు మాది" అని మీసం సర్దుకుని ఊరుకునేవాడు. తప్పు చేసి తగిలించుకున్న శిక్షను ఈయన ఆస్తిలా చెప్పుకోవడమేమిటో కూతురికి ఏనాడూ అర్థం కాలేదు. అర్థం కాకపోగా ఒళ్ళు మండేది.

అలా ఉండగా బడి మాష్టారు ఉద్యోగం నుంచి దిగిపోయారు. ఇంట్లో కాలు నిలవక, ఆదివారాలు నలుగురిని వెంటేసుకుని ఆ పాత లైను వెంట నడవడం మొదలుపెట్టారు. పట్టాలు పీకడానికి వచ్చిన కంట్రాక్టరు గిట్టుబాటు కాదని సగంలో వదిలేసి పోబట్టి, కొండ వైపు లైను చాలావరకు మిగిలే ఉంది. తుప్పు పట్టిన బోల్టు కనబడితే చాలు, మాష్టారు మనవణ్ణి చూసినట్టు మురిసిపోయేవారు. ఇంజను నీళ్ళు తాగే ఇనుప గొట్టం దగ్గర ఆగి దాని మెడ నిమిరేవారు. రాయిని తూచే కాటా గదిలో గోడకున్న ముల్లు ఇంకా కదులుతోందని తెలిసిన రోజున, వెంట వచ్చినవాళ్ళందర్నీ దాని మీద నిలబెట్టి తూచారు. మొదట్లో ఆయనకు ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు. తర్వాత పక్క ఊళ్ళ నుంచి కూడా జనం బూట్లు కట్టుకుని రాసాగారు. వచ్చినవాళ్ళు ఎక్కడ ఆగినా ఆగకపోయినా వంపు దగ్గర మాత్రం ఆగేవారు. అక్కడ పట్టాలు ఓసారి ఇటు, వెంటనే అటు మెలిక తిరిగి కొండ వైపు పోతుంటే చూడ్డానికి ఎంతో బాగుండేది. ఫోటో దిగకుండా ఒక్కరూ కదిలేవారు కాదు.

నడిచేవాళ్ళ కాళ్ళకు ముళ్ళు గుచ్చుకోకుండా కాన్వాసు తొడుగులు కుట్టి ఇచ్చింది టైలరమ్మే. ఓ రోజు మాష్టారు తొడుగులు తీసుకోవడానికి వచ్చి, "అమ్మా, వంపు దగ్గర ఒక రాయి పాతిద్దామనుకుంటున్నాం. ‘ఈ వంపు ఎగువ గ్యాంగుది’ అని చెక్కిస్తాం. ఏమంటావ్?" అన్నారు.

"తప్పు చేసినవాళ్ళ పేరు రాతి మీద చెక్కిస్తారా మాష్టారూ? ఇప్పటిదాకా నోటితో అనేవాళ్ళు, ఇకమీద చదివి మరీ అంటారు," అంది ఆమె.

తండ్రి మాత్రం ఆ మాట విన్న దగ్గర్నుంచి మారిపోయాడు. కాళ్ళ నొప్పులని మంచం దిగని మనిషి, తనంతట తనే లేచి ట్రంకు పెట్టె తెరిచి, గ్యాంగులో వేసుకునే ఖాకీ చొక్కా తీశాడు. "ఇది కాస్త బిగించి పెట్టమ్మా. రాయి పాతే రోజున వేసుకుంటా," అన్నాడు. చొక్కా ఆయన ఒంటి మీద కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. ఆమె కొలతలు తీసుకుంటుంటే ఆయన పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడ్డాడు.

రాయికి చోటు చదును చేయడానికి మాష్టారి బృందం వంపు దగ్గర పొదలు కొట్టే రోజున టైలరమ్మ కూడా కత్తి పట్టుకుని వెళ్ళింది. నాన్న కోసమే వెళ్ళింది కానీ, లైను మీద ప్రేమతో కాదు. మధ్యాహ్నమయ్యేసరికి పొదల కింద నుంచి ఎవరూ ఎరగని సంగతి ఒకటి బయటపడింది. వంపు తిరిగే చోట ఎగువ కట్ట ఆగిపోలేదు. పట్టాలు పక్కకు మళ్ళినా, మట్టికట్ట మాత్రం తిన్నగా కొంత దూరం పోయి, నరికినట్టు ఆగింది. దాని పక్కనే, ఎడ్లబండి పట్టేంత ఎడంతో, దిగువ కట్ట కూడా అలాగే పైకి పోయి ఆగి ఉంది. ఒకరినొకరు దాటుకుపోయిన రెండు గ్యాంగుల పనీ ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

టైలరమ్మ ఎగువ కట్ట కొసన నిలబడి కిందికి చూసింది. గుడ్డ కత్తిరించే ముందు బారు చూసుకున్నట్టు ఒక కన్ను మూసి మరీ చూసింది. కట్ట బారు నేరుగా బట్టీల పొగగొట్టం మీదికి పోతోంది. అటు వెళ్ళి దిగువ కట్ట మీద నిలబడి కొండ వైపు చూసింది. ఆ బారు క్వారీ గేటుకు పోవడం లేదు. ఎక్కడో పక్కకు, క్వారీ కాపలావాడి గుడిసె శిథిలాల మీదికి పోతోంది.

"మాష్టారూ!" అని ఆమె వేసిన కేకకు అందరూ పాము కనబడిందేమో అనుకుని పరిగెత్తుకొచ్చారు. "తప్పు మాది కాదు మాష్టారూ! మా తాత తిన్నగానే వచ్చాడు! వంకరపోయింది వాళ్ళు!"

మాష్టారు కర్రలు పాతించి, తాడు కట్టించి, తనూ ఒక కన్ను మూసి చూశారు. అక్షరాలా నిజం. టైలరమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. దారి పొడుగునా బేకరీ ఆయన మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ, కాళ్ళ తొడుగులైనా విప్పకుండా ఇంట్లోకి పరుగు తీసింది. మంచం మీద కూర్చున్న తండ్రికి ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది.

"తెలుసు," అన్నాడాయన.

"తెలుసా? తెలిసి ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నావా నాన్నా? ఊరంతా నన్ను ఆడిపోసుకుంటుంటే చూస్తూ కూర్చున్నావా?"

"చెబితే వంపు పోతుంది కదే తల్లీ!"

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. క్వారీ గేటు దగ్గర ఎర్రజెండా పాతితే, దాన్ని గురి చూసుకుంటూ పైకి రావాలి దిగువ గ్యాంగు. గాలికి జెండా చినిగిపోయింది. అదే సమయంలో కాపలావాడు తన ఎర్ర దుప్పటి ఆరేసుకున్నాడు. వీళ్ళకు అదే జెండా అయింది. చలికాలం కావడంతో వాడు దుప్పటిని ఎండ ఎటుంటే అటు జరుపుకున్నాడు. దాంతోపాటు లైనూ జరిగింది.

టైలరమ్మ కోపంలో కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి తాత నాదే తప్పని ఎందుకన్నాడు?"

"రెండు గ్యాంగులూ గునపాలు పట్టుకుని ఒకర్నొకరు తిట్టుకుంటున్నారట. ఇంజనీరు తల పట్టుకుని కూర్చున్నాడు. మా నాన్నకి తగువంటే చిరాకు, పనంటే యావ. ‘సరే, నాదే అనుకోండి. ఇక పక్కకి జరిగితే పని కానిస్తా’ అన్నాడట. అంతకుమించి ఏమీ లేదు." ఆయన మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. "అలా మాకు వంపు వచ్చిందమ్మా. వాళ్ళు దాన్ని శిక్షనుకున్నారు. మేం అలా అనుకోలేదు. ఎండలు ముదిరితే ఇనుము సాగుతుంది. తిన్నటి లైనులో ఫరవాలేదు. వంపు దగ్గర బయటికి నెట్టేస్తుంది. గునపాలు వేసి, అందరం ఒక్క ఊపిరితో లోపలికి తోసేవాళ్ళం. వానొస్తే కంకర కుంగిపోయేది. పట్టాల కింద మళ్ళీ కూరి కొట్టేవాళ్ళం. కొట్టాక ట్రాలీ మీద నిండు చెంబు నీళ్ళు పెట్టి, వంపంతా తోసి చూసేవాళ్ళం. చుక్క ఒలికిందా, మళ్ళీ మొదటికి. మాకెవరూ చెప్పలేదది. మా నాన్న పెట్టిన పద్ధతి. లైను నడిచినన్నాళ్ళూ ఆ వంపులో ఒక్క పెట్టె పట్టా దిగలేదు. ఒక్కటంటే ఒక్కటి! దిగువోళ్ళు చూసుకునే, వంపు లేని లైను మీద దిగాయి, కావాలంటే అడుగు."

ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు ఆయన కళ్ళల్లో మెరుపు చూసి, కూతురికి మొదటిసారి తండ్రి మీసం సర్దుకోవడానికి అర్థం తెలిసింది. తెలియగానే తను చేసొచ్చిన పని గుర్తొచ్చింది. "నేను మాష్టారికి చెప్పేశాను నాన్నా. అందరి ముందూ కేకేసి చెప్పాను."

ఆయన లేచాడు. ఆమె బిగించి పెట్టిన ఖాకీ చొక్కా కొయ్య మీద నుంచి తీసి, మడత పెట్టి, మళ్ళీ ట్రంకు పెట్టెలో పెట్టేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

మాష్టారి నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడే వచ్చి తండ్రినడిగి దుప్పటి కథ కూడా రాబట్టారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. ఇక బేకరీ ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడా అని అందరూ కాచుకుని కూర్చున్నారు. అతను తల ఎక్కడా పెట్టుకోలేదు. పైగా ఎత్తుకున్నాడు. బేకరీ గుమ్మానికి ఒక ఎర్ర దుప్పటి వేలాడదీసి, వచ్చిన ప్రతివాడికీ కథ చెప్పి, చేతిలో ఓ బిస్కెట్టు పెట్టసాగాడు.

"చెల్లెమ్మా, భలే పని చేశావు!" అన్నాడు టైలరమ్మ కొట్లోకి వచ్చి. "ఇంజనీరు ఏమన్నాడు? తప్పెవరిదైతే వంపు వాళ్ళది. తప్పు మాదని నువ్వే తేల్చావు. అంటే వంపు మాదేగా! రాయి మీద దిగువ గ్యాంగు అని పడాలి. మాష్టారితో చెప్పేశాను కూడా."

"ఇన్నేళ్ళూ ఆ తప్పుని మా మొహాన కొట్టి, ఇప్పుడు మీదంటావా అన్నయ్యా? సిగ్గు లేదూ?"

"అప్పుడు దాన్ని ఎవడూ చూడ్డానికి వచ్చేవాడు కాదు కదా!" అన్నాడు అతను, కల్లాకపటం లేకుండా.

లోకంలో తప్పు నాది కాదంటే నాది కాదని కొట్టుకుంటారు. ఈ ఊళ్ళో మాత్రం నాదంటే నాదని కొట్టుకునే రోజు వచ్చింది. మాష్టారు పాపం ఎటూ తేల్చుకోలేకపోయారు. తీర్పు ప్రకారం చూస్తే బేకరీ ఆయన మాట కాదనడానికి లేదు. చివరికి మాష్టారు రాయి మీద ‘ఈ వంపు’ వరకు చెక్కించి, మిగతా చోటు ఖాళీగా ఉంచమన్నారు. రాయి పాతే రోజున వంపు దగ్గరే అందరి ముందూ మాట్లాడుకుని తేల్చుకోండి, రాయి చెక్కేవాడు ఉలితో సహా అక్కడే ఉంటాడన్నారు.

ఆ రోజు తండ్రి రానన్నాడు. "ఎవరిదో రాయి పాతుతుంటే నేనెందుకే?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. టైలరమ్మ బతిమాలలేదు. ట్రంకు పెట్టె తెరిచి, చొక్కా తీసి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు తొడిగింది. బొత్తాలు తనే పెట్టింది. "నువ్వు రాకపోతే నేనూ పోను. నేను పోకపోతే బేకరీ అన్నయ్య ఒక్కడే మాట్లాడతాడు. అంతసేపు అతను ఒక్కడే మాట్లాడితే జనం ఏమైపోతారో నువ్వే చెప్పు," అంది. ఆయన పెదవి చివర నవ్వు కదిలింది.

మాష్టారు ఎక్కడి నుంచో పాత గ్యాంగు ట్రాలీ ఒకటి సంపాదించి, చక్రాలకు నూనె పట్టించి ఉంచారు. తండ్రిని దాని మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జనం బిలబిలమంటూ ట్రాలీకి అటూ ఇటూ నడిచారు. కాటా గది దాటారు, నీళ్ళ గొట్టం దాటారు, చెయ్యి విరిగిన సిగ్నలు స్తంభం దాటారు. ఆయన తల తిప్పి ఒక్కోదాన్నీ చుట్టాన్ని పలకరించినట్టు చూస్తూ వచ్చాడు. వంపు ఇంకా మొదలు కాకముందే ట్రాలీ ఆపించాడు. ఇక ముందుకు వద్దన్నాడు.

బేకరీ ఆయన రాయి పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. మాట తీరు తెలిసిన మనిషి, జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు. కాపలావాడు దుప్పటి జరపడం, తన తాత దాని వెంట లైను జరపడం అభినయించి మరీ చూపించాడు. "మా తాత ఆ తప్పు చేయకపోతే ఇక్కడ ఏముంది? తిన్నటి లైను! తిన్నటి లైను చూడ్డానికి మీలో ఎవరైనా ఇంత దూరం వచ్చేవారా? కాబట్టి తప్పు మాది, వంపు మాది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ట్రాలీ మీద ముసలాయన తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

టైలరమ్మ ఏం మాట్లాడాలో ఇంట్లో అద్దం ముందు చాలాసార్లు అనుకుని వచ్చింది. తాత తిన్నగా వచ్చాడని ఊరి ముందు నిలబడి చెప్పాలని చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక ఆమెది. ఆ మాట అంటే బేకరీ ఆయన గెలిచినట్టే. కాదంటే మళ్ళీ ఊరి వేళాకోళమే. కానీ తండ్రి చేతులు చూశాక, ఆమెకు అనుకుని వచ్చిన మాటలేవీ గుర్తు రాలేదు.

"అన్నయ్య చెప్పింది నిజం," అంది. "తప్పు వాళ్ళదే. మా తాత తిన్నగా వచ్చాడు. నేను కళ్ళారా చూశాను, మీరూ వెళ్ళి చూడండి." బేకరీ ఆయన వైపు తిరిగింది. "అన్నయ్యా, మీ నాన్న ఇంజను నడిపాడు కదా. ఏ దారిన పోయేవాడు?"

"ఇంకే దారి ఉంది? ఇదే."

"రాళ్ళ బరువుతో, కొండ మీద నుంచి, ఈ వంపులోంచి. ఎండలోనూ ఇదే, వానలోనూ ఇదే. రోజూ సాయంత్రం ఇంటికొచ్చేవాడా?"

బేకరీ ఆయన తలూపాడు.

"అది మా నాన్న వాళ్ళ పని. తప్పు ఒక్క పూటలో అయిపోయింది అన్నయ్యా. దాని మీద రైలు నడిచినన్నాళ్ళూ దాన్ని కాసింది వీళ్ళు. తప్పు మీదంటున్నావు, సంతోషం, మీరే ఉంచుకోండి. వంపు మాది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బేకరీ ఆయన మెలిక తిరిగిన పట్టాల కేసి, ఆ పైన కొండ కేసి చాలాసేపు చూశాడు. చివరికి ముక్కు ఎగబీల్చి, రాయి చెక్కేవాడి భుజం తట్టాడు. "ఎగువ గ్యాంగుది అని చెక్కవయ్యా," అన్నాడు. అంతటితో ఊరుకుంటే అతను బేకరీ ఆయన ఎలా అవుతాడు? ముసలాయన దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, "బాబాయ్, కింద ఓ మూల తప్పు మాదని కూడా వేయించుకోనా?" అని అడిగాడు.

"వేయించుకోరా. చిన్నక్షరాలతో," అన్నాడాయన.

అప్పుడు నవ్వారు అందరూ. ఉలి చప్పుడు మొదలైంది. మాష్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ ట్రాలీని వంపులోకి తోయమన్నారు. తండ్రి వద్దన్నట్టు చెయ్యెత్తాడు. కుర్చీ పట్టుకుని లేచాడు. టైలరమ్మ పరుగున వచ్చి భుజం అందించింది. ఆయన ఖాకీ చొక్కా అంచు కిందికి లాక్కుని, పట్టాల మధ్యకు దిగి, స్లీపరు మీద నుంచి స్లీపరు మీదికి అడుగు వేస్తూ నడవడం మొదలుపెట్టాడు. మోకాళ్ళు సహకరించడం లేదు. మధ్య మధ్య ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా వెనక వస్తున్న జనమంతా ఆగుతున్నారు. పక్కన ఖాళీ చోటు బోలెడుంది. అయినా వంపు దాటేదాకా ఒక్కరు కూడా ఆయన్ని దాటుకుని ముందుకు పోలేదు.